సైనికుల జీతం మీద ఆదాయపు పన్ను ఉండాలా, తీసేయాలా?

చర్చ ప్రారంభం: అర్థశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ

ఈ దసరా నాడు మా ఊరి జమ్మిచెట్టు దగ్గర మొదలైన వాదనను ఇక్కడికి తీసుకొస్తున్నాను. మాది పరకాల పక్కన ఒక పల్లె. సెలవు మీద ఇంటికి వచ్చిన ఒక హవల్దారు చేతిలో అందరూ జమ్మి ఆకు పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటుండగా, ఊరి పెద్దమనిషి ఒకాయన "సరిహద్దుల కావలి కాసే పిలగాని జీతంల గూడ సర్కారు పన్ను కోసుకుంటదా?" అని అడిగారు. సైనికులకు ఆదాయపు పన్ను పూర్తిగా ఎత్తివేయాలని అక్కడున్నవారిలో దాదాపు అందరూ అన్నారు. నేను ఒప్పుకోలేకపోయాను. పండుగ పూట నలుగురి మధ్య వివరంగా చెప్పే వీలు లేక ఊరుకున్నాను గానీ, ఆ రాత్రి నుంచి అది మనసులో మెదులుతూనే ఉంది.

ముందుగా 2025-26లో ఉన్న చట్టం సంగతి. సైనికుడి జీతం కూడా ఉపాధ్యాయుడి జీతం లాగే పన్ను లెక్కలోకి వస్తుంది. మిలిటరీ సర్వీస్ పే అనే ప్రత్యేక మొత్తం కూడా అందులో భాగమే. అయితే 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర వంటి శౌర్య పురస్కారాలు పొందినవారి పింఛను మీద సెక్షన్ 10(18) కింద పన్ను లేదు. ఆపరేషన్ మీద ఉండగా మరణించిన సైనికుడి కుటుంబానికి వచ్చే పింఛను మీద సెక్షన్ 10(19) కింద పన్ను లేదు. అగ్నివీరులకు నాలుగేళ్ల సర్వీసు ముగిశాక ఇచ్చే సేవా నిధి మీద కూడా పన్ను లేదు. కష్టమైన చోట్ల పనిచేసినందుకు ఇచ్చే భత్యాలలో కొంత భాగానికి పాత పన్ను విధానంలో (మనం ఎంచుకోగల రెండు పన్ను విధానాలలో మినహాయింపులు ఎక్కువున్నది) మినహాయింపు ఉంది.

వీటిని నేను కాదనడం లేదు. జీతం మొత్తాన్నీ పన్ను నుంచి తప్పించాలన్న కోరికతోనే నా పేచీ. పన్ను శిక్ష కాదు. అది ఉమ్మడి ఇంట్లో ప్రతి ఒక్కరూ వేసే పాలు. కాకతీయుల కాలంలో నాయంకర విధానం ఉండేది. సేనను పోషించినందుకు నాయకులకు ఊళ్ల మీద వచ్చే ఆదాయాన్ని వదిలిపెట్టేవారు. నేటి రాజ్యం ఆ పద్ధతిని దాటి, అందరి పన్నులనూ ఒకే ఖజానాలో పోసి, అందులోంచి సైనికుడికి జీతం ఇచ్చే ఏర్పాటుకు వచ్చింది. సైనికుడు కూడా ఆ ఖజానాలో తన పాలు వేస్తున్నాడు కాబట్టే అతను ఈ దేశానికి జీతగాడుగా కాక పౌరుడుగా నిలబడుతున్నాడని నా నమ్మకం. అతనికి ఇంకా ఎక్కువ ఇవ్వాలని మనకు అనిపిస్తే పార్లమెంటులో చర్చించి జీతం పెంచవచ్చు. పన్ను మినహాయింపు రూపంలో ఇస్తే, ఎవరికి ఎంత ఇచ్చామో ఎవరికీ కనపడదు.

సైన్యంలో పనిచేసినవారు, వారి కుటుంబాలవారు నా మాటలో తప్పుంటే నిర్మొహమాటంగా చెప్పాలని కోరుతున్నాను.

మాజీ నాయబ్ సుబేదార్, హుజూరాబాద్

సారు, మీరు మర్యాదగా అడిగారు కాబట్టి నేనూ మర్యాదగానే కాదంటున్నాను.

సైనికుడు పౌరుడు కాబట్టి పన్ను కట్టాలన్నారు. పౌరుడికి ఉన్న హక్కులన్నీ సైనికుడికి ఉన్నాయా? రాజ్యాంగంలోని 33వ అధికరణం సైనికుల ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. మేము సంఘం పెట్టుకోలేము, సమ్మె చేయలేము, పత్రికల ముందు మాట్లాడలేము, నచ్చలేదని రాజీనామా ఇచ్చి మరుసటి రోజు ఇంటికి రాలేము. ఉపాధ్యాయుడు 60 ఏళ్లు దాటేదాకా కొలువు చేస్తుంటే, మామూలు జవాను నలభై ఏళ్లు నిండకముందే పింఛను కాగితాలు పట్టుకుని ఇంటికి వస్తాడు. హక్కులలో కోత పెట్టినప్పుడు మీకు గుర్తుకురాని సమానత్వం, పన్ను దగ్గరకు వచ్చేసరికి ఎందుకు గుర్తుకు వస్తున్నది?

నేను సియాచిన్ మంచు మీద ఒక పోస్టులో మూడు నెలలు ఉన్నాను. అక్కడ ఫైబర్ గుడిసెలో కిరోసిన్ స్టవ్వు రాత్రింబవళ్లు వెలగాల్సిందే, ఆర్పితే మనిషి బతకడు. ఆ మసి ఊపిరితిత్తుల్లోకి పోయి, కిందికి దిగిన తరువాత కూడా చాలా రోజుల వరకు ఉమ్మి నల్లగా వచ్చింది. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం చదవాలంటే చేతి తొడుగు తీయాలి, తీస్తే వేళ్లు పోతాయి. నేను నా భార్య రాసిన ఉత్తరాన్ని మడత విప్పకుండా పదకొండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ఆ చోట ఉన్నందుకు ఇచ్చే సియాచిన్ భత్యాన్ని 2017లో జవాన్లకు, మాలాంటి జేసీవోలకు (జూనియర్ కమిషన్డ్ అధికారులకు) నెలకు 14,000 నుంచి 30,000 రూపాయలు చేశారు. సంతోషించాము. కానీ అందులో పన్ను లేనిది 7,000 వరకే. మిగతా 23,000 రూపాయలను జీతంతో కలిపి పన్ను లెక్కలోకి తీసుకున్నారు. ఆ ఏటి ఫారం 16, అంటే జీతం, పన్ను కోత చూపే కాగితం, ఇంకా నా దగ్గర ఉంది. ఆ కాగితాన్ని చూసినప్పుడల్లా, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో గుంజుకున్నట్టే అనిపిస్తుంది.

మన ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులు ఇప్పటికీ ఉన్నాయి. ఊరి కోసం పడిపోయినవాణ్ణి ఆ రోజుల్లో ఊరు రాయి మీద చెక్కి నిలబెట్టుకున్నది. ఈ రోజుల్లో ఒక పన్ను వదులుకోలేమా? పూర్తి మినహాయింపు ఇవ్వాలన్నదే నా మాట.

బొగ్గు బాయి కార్మికుడు, గోదావరిఖని

సుబేదార్ గారి మాటలు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. వారి కష్టాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు ఏమాత్రం లేదు. అయినా మా మాట కూడా ఇక్కడ నమోదు కావాలి.

సింగరేణి కార్మికులకు ఆదాయపు పన్ను మాఫీ చేయాలని మా సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. ఆ కోరిక వెనుక ఉన్న వాదన కూడా సుబేదార్ గారిదే: ప్రాణం పణంగా పెట్టి దేశానికి వెలుగు ఇస్తున్నాము కాబట్టి మా చెమట మీద పన్ను వద్దని. నేను ఇరవై రెండేళ్లుగా బాయి దిగుతున్నాను. టోపీ దీపం కట్టుకుని, గంటకు పైగా నడిచి పనిస్థలం చేరేసరికే ఒళ్లు తడిసిపోతుంది. పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి చూడటం మాకు మొదట నేర్పే విద్య. గట్టిగా మోగితే భయం లేదు, బోలుగా మోగితే వెనక్కి జరగాలి. ఆ తేడాను ఒకసారి సరిగా వినని నా తోటివాడిని మేము స్ట్రెచర్ మీద పైకి తెచ్చుకున్నాము.

2025-26లో పాత పన్ను విధానంలో భూగర్భ గనుల్లో పనిచేసేవారికి ఇచ్చే భత్యం మీద మినహాయింపు నెలకు ఎంతో తెలుసా? 800 రూపాయలు. కొత్త విధానం ఎంచుకుంటే అది కూడా లేదు.

కాబట్టి అధ్యాపకుల వారిని, సుబేదార్ గారిని ఇద్దరినీ అడుగుతున్నాను. ప్రమాదమే కొలబద్ద అయితే ఆ కొలబద్దను బాయి దగ్గరకు కూడా తేవాలి కదా? సైనికులకు పూర్తి మినహాయింపు ఇచ్చిన మరుసటి రోజు మేము అదే కోరికతో జీఎం ఆఫీసు ముందు కూర్చుంటాము, మమ్మల్ని కాదనడానికి ప్రభుత్వం దగ్గర ఏ కారణమూ మిగలదు. మా వెనుక కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్ వస్తాడు, మ్యాన్‌హోల్ దిగే కార్మికుడు వస్తాడు. వారికి ఇచ్చే జీతమే సరిగా లేదు, ఇక పన్ను మాట ఎక్కడిది?

ఉపాధ్యాయురాలు, ఏటూరునాగారం

మా తమ్ముడు గ్రేహౌండ్స్‌లో పనిచేస్తున్నాడు. 2025 మే నెలలో మా ములుగు జిల్లా అడవిలో మందుపాతర పేలి గ్రేహౌండ్స్ జవాన్లు ముగ్గురు ప్రాణాలు కోల్పోయిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. వాడు అడవిలో ఉన్నాడని మాత్రమే మాకు తెలుసు. ఫోను కలవలేదు. సాయంత్రం దాకా అమ్మ గడప దాటి లోపలికి రాలేదు. వాడు మరో దిక్కున ఉన్నాడని రాత్రికి తెలిసింది.

ఇక్కడ అందరూ "సైనికుడు" అనే మాటను దాని హద్దులు చెప్పకుండా వాడుతున్నారు. అధ్యాపకుల వారు రాసిన సెక్షన్ 10(19)ను నేను తెచ్చుకుని చదివాను. అందులో కేంద్ర ప్రభుత్వపు సాయుధ బలగాలు, పారామిలిటరీ బలగాలు ఉన్నాయి. అంటే సీఆర్‌పీఎఫ్ జవాను, బీఎస్‌ఎఫ్ జవాను వస్తారు. గ్రేహౌండ్స్ రాష్ట్ర పోలీసు విభాగం కాబట్టి రాదు. ఒకే అడవిలో, ఒకే రోజు, ఒకే మందుపాతరకు ఒక సీఆర్‌పీఎఫ్ జవాను, ఒక గ్రేహౌండ్స్ జవాను పడిపోతే, ఒకరి భార్యకు వచ్చే పింఛను పన్నుకు బయట, ఇంకొకరి భార్యకు వచ్చే పింఛను పన్నుకు లోపల ఉంటుంది. శౌర్య పురస్కారాల సెక్షన్ 10(18)లో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులను కూడా చేర్చిన చట్టం, మరణం దగ్గర ఎందుకు గీత గీసిందో నాకు అర్థం కాలేదు.

సైన్యానికి పూర్తి మినహాయింపు అడిగేవారు ముందు నాకు ఈ జవాబు చెప్పాలి: మా తమ్ముడు మీ లెక్కలో ఉన్నాడా, లేడా?

డిగ్రీ విద్యార్థి, వరంగల్

నేను రోజూ పొద్దున నాలుగున్నరకు లేచి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్నాను. అగ్నివీరుడిగా ఎంపికైతే మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు, అందులో 30 శాతం సేవా నిధికి పోగా చేతికి 21,000 వస్తాయి. ఆ జీతానికి ఆదాయపు పన్ను వచ్చే ప్రసక్తే లేదు. నాలుగేళ్ల తరువాత 25 శాతం మందినే ఉంచుకుంటారు, మిగిలినవారికి పింఛను లేదు. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో అగ్నిపథ్ నియామక పథకం మీద జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు చనిపోయిన యువకుడు మా వరంగల్ జిల్లా వాడే. అతను పన్ను మినహాయింపు కోసం అక్కడికి పోలేదు. పెద్దలు చేస్తున్న ఈ చర్చలో మా తరం సైనికుడికి అందేది ఏమీ కనపడటం లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పన్ను సలహాదారు, కరీంనగర్

ఇప్పటివరకు మనసులోని మాటలు వచ్చాయి. నేను అంకెలు ముందు పెడతాను. ఎందుకంటే, పూర్తి మినహాయింపు ఇస్తే ఆ డబ్బు ఎవరి ఇంటికి చేరుతుందో చూడకుండా ఈ ప్రశ్న తేలదు.

2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు, జీతగాళ్లకు 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12.75 లక్షల వరకు, రిబేటు (లెక్కకు వచ్చిన పన్నును మాఫీ చేసే రాయితీ) వల్ల పన్ను పడదు. ఇప్పుడు సైన్యంలోని జీతాలు చూద్దాం. సులువు కోసం డీఏను (కరువు భత్యాన్ని) ఏడాదంతా 2025 జూలై నాటి 58 శాతంగానే తీసుకుని, మిగతా భత్యాలను పక్కన పెడుతున్నాను. సిపాయి తొలి మూలవేతనం 21,700. జవాన్లకు, జేసీవోలకు మిలిటరీ సర్వీస్ పే 5,200. రెండింటి మీద డీఏ కలిపితే నెలకు 42,502, ఏడాదికి 5,10,024 రూపాయలు. పన్ను సున్నా. హవల్దారుకు మూలవేతనం 40,000 దాకా పెరిగినా ఏడాదికి ఎనిమిదిన్నర లక్షల చిల్లర. పన్ను సున్నా. అధ్యాపకుల వారి ఊరి హవల్దారు తన మీద పన్ను పడుతుందని అనుకుని ఉంటే, ఆ భయం అక్కర్లేదని చెప్పండి.

అధికారుల మూలవేతనాలు వేరు, వారి మిలిటరీ సర్వీస్ పే కూడా నెలకు 15,500. మేజర్‌గా తొలి మూలవేతనం 69,400 ఉన్న అధికారికి ఏడాదికి దాదాపు 16.1 లక్షలు వస్తాయి. పన్ను, సెస్సు కలిపి 1,14,000 పైచిలుకు. బ్రిగేడియర్‌గా తొలి మూలవేతనం 1,39,600 ఉన్నవారికి ఏడాదికి 29.4 లక్షలు వస్తాయి. పన్ను 4,57,000 పైచిలుకు. అంటే పూర్తి మినహాయింపు ఇస్తే సిపాయికి దక్కేది సున్నా, మేజర్‌కు లక్ష, బ్రిగేడియర్‌కు నాలుగున్నర లక్షలు. అధికారుల పట్ల నాకు ఏ చిన్నచూపూ లేదు. గల్వాన్‌లో తన జవాన్ల ముందు నిలబడి ప్రాణం ఇచ్చిన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు కూడా అధికారే. కానీ జమ్మిచెట్టు దగ్గర ఆ పెద్దమనిషి ఎవరిని తలుచుకుని అడిగారో, వారికి ఈ మినహాయింపుతో ఒక్క రూపాయి కూడా చేరదు.

ఇంతవరకు నేను అధ్యాపకుల వారి పక్షమే. అయితే సుబేదార్ గారి సియాచిన్ లెక్కను 2025-26 రేట్లతో వేసి చూసినప్పుడు నా చేతిలో కలం ఆగిపోయింది.

60,400 మూలవేతనం ఉన్న ఒక సీనియర్ సుబేదార్‌ను తీసుకోండి. మిలిటరీ సర్వీస్ పే, డీఏ కలిపి ఆయనకు ఏడాదికి 12,43,776 రూపాయలు. 75,000 తీసేస్తే 11,68,776. పన్ను లేదు. ఆయనను మూడు నెలలు మంచు మీదికి పంపారనుకోండి. 2017లో ఖరారు చేసిన రేటుతోనే చూస్తే భత్యం 90,000. కొత్త విధానంలో సియాచిన్ భత్యానికి ఆ 7,000 మినహాయింపు కూడా లేదు కాబట్టి, పన్ను వేయదగిన ఆదాయం 12,58,776 అవుతుంది. 12 లక్షలు దాటగానే రిబేటు పోతుంది. దాటిన మొత్తాన్ని మించి పన్ను ఉండకూడదని ఒక ఉపశమనం ఉంది కాబట్టి, 58,776 రూపాయల దగ్గర ఆగుతుంది. దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 61,127. ఆయన ఇదే జీతంతో సికింద్రాబాద్‌లో కూర్చుంటే పన్ను సున్నా. సియాచిన్ పోయినందుకు 90,000 ఇచ్చి, అందులోంచి 61,127 వెనక్కి తీసుకుంటున్నారు. ఆ మూడు నెలలకు మిగిలేది 28,873 రూపాయలు. పాత విధానం ఎంచుకుంటే 21,000 రూపాయల భత్యానికి మినహాయింపు దొరుకుతుంది గానీ, జీతం మొత్తం మీద ఇంతకంటే ఎక్కువ పన్ను పడుతుంది.

ఈ లెక్కను నేను మూడుసార్లు సరిచూశాను. ఎవరికైనా తప్పు కనపడితే దయచేసి చూపండి.

మాజీ నాయబ్ సుబేదార్, హుజూరాబాద్

సలహాదారు గారికి నమస్కారం. అధికారులకు ఎంత, జవాన్లకు ఎంత అన్న లెక్క నాకు ఇంతవరకు ఎవరూ ఇలా విడమరచి చెప్పలేదు. పూర్తి మినహాయింపు వల్ల నా పల్టనులోని కుర్రవాళ్లకు ఏమీ రాదని ఒప్పుకుంటున్నాను. ఏటూరునాగారం చెల్లెమ్మకు కూడా జవాబు చెబుతున్నాను: అమ్మా, మీ తమ్ముడు నా లెక్కలో ఉన్నాడు. మందుపాతర మీద అడుగు వేసేవాడు ఏ ప్రభుత్వం జీతం తీసుకుంటున్నాడో మందుపాతరకు తెలియదు.

అయితే ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ ఎత్తలేదు. మంచు మీద నా ఎడమ కాలి రెండు వేళ్లు పోయాయి. వైద్య బోర్డు నా ఆరోగ్య కేటగిరీ తగ్గించింది. కావాలనుకుంటే అప్పుడే ఇంటికి రావచ్చు. రాలేదు. కూర్చుని చేసే పని ఇవ్వండి, నా సర్వీసు పూర్తి చేస్తానని అడిగి, చివరిదాకా పనిచేసి పింఛను మీద వచ్చాను. పింఛనులో అంగవైకల్యానికి కొంత భాగం ఉంటుంది, దాని మీద పన్ను లేదన్నది సైన్యంలో అందరికీ తెలిసిన పాత మాట. 2019 జూన్ 24న ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు ఒక సర్క్యులర్ ఇచ్చింది. సర్వీసు వల్ల వచ్చిన, లేదా ముదిరిన శారీరక వైకల్యం కారణంగా సర్వీసు మధ్యలో బయటికి పంపబడినవారికే ఈ మినహాయింపు వర్తిస్తుందనీ, సర్వీసు పూర్తి చేసుకుని విరమించినవారికి వర్తించదనీ అందులో ఉంది.

ఆ ఏడాది నాకు పింఛనుతో పాటు రెండో కొలువు జీతం కూడా ఉండటంతో పన్ను పడింది. పింఛను ఇచ్చే బ్యాంకు కౌంటరులో అడిగితే, ఆ అమ్మాయి కంప్యూటరు చూసి, "మీరు మధ్యలో వచ్చేసి ఉంటే కట్ అయ్యేది కాదు సార్" అన్నది. ఆమె తప్పేమీ లేదు, తెర మీద ఉన్నదే చెప్పింది. కానీ ఆ మాట నా వేళ్లు పోయిన నొప్పికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. పోయిన వేళ్లు పోయినవే. కుంటుకుంటూ ఇంకా పనిచేసినందుకు నాకు మినహాయింపు తప్పిపోయింది.

పూర్తి మినహాయింపు మాటను నేను వదులుకోవడానికి సిద్ధం. దీన్ని మాత్రం వదలను.

అర్థశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ

సుబేదార్ గారూ, మీరు 33వ అధికరణం గురించి రాసినప్పుడే నా వాదనలో ఒక పలక కదిలింది. హక్కులు తగ్గించబడిన పౌరుడి బాధ్యతలు కూడా తగ్గవచ్చన్న మాటను నేను ఇంతకు ముందు ఆలోచించలేదు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్నంతవరకు చెబుతాను. తగ్గిన హక్కులకు బదులుగా ఇవ్వవలసింది మిలిటరీ సర్వీస్ పే రూపంలోనే ఉండాలి, అది చాలకపోతే పెంచాలి. జవానుకు 5,200, అధికారికి 15,500 అన్న తేడా మీద కూడా మాట్లాడాలి. సంఘం పెట్టుకునే హక్కు ఇద్దరికీ సమానంగానే పోయింది కదా.

చోటు మాట వేరు. యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోట ఒక నెలలో ఒక్క రోజు పనిచేసినా, అమెరికాలో సాధారణ సైనికుడి ఆ నెల జీతం మీద కేంద్ర ఆదాయపు పన్ను ఉండదు. అధికారులకు మాత్రం ఒక పరిమితి పెట్టారు. కెనడా 2017 నుంచి విదేశాల్లో ప్రకటిత ఆపరేషన్ల మీద ఉన్న కాలానికి లెఫ్టినెంట్ కర్నల్ హోదా వరకు జీతానికి మినహాయింపు ఇస్తున్నది. బ్రిటన్‌లో జీతం మీద పన్ను ఉంటుంది, ఆపరేషన్ భత్యం మీద ఉండదు. ఈ మూడు దేశాలూ ప్రమాదపు చోటును, అక్కడ గడిపిన కాలాన్ని చూశాయి. పై హోదాల దగ్గర గీత గీయాలన్న ఆలోచన కూడా వాటిలో రెండింటికి వచ్చింది. మనం మాత్రం చోటును బట్టి ఇచ్చిన భత్యాన్నే జీతంలో కలిపేసి, ఆ చోటుకు పోనివాడికి లేని పన్నును పోయినవాడి మీద వేస్తున్నాము. సలహాదారు గారి 61,127 అంకెను నేను విడిగా వేసి చూశాను, సరిగ్గానే ఉంది. అది చూశాక నా మొదటి రాతలో "వీటిని కాదనడం లేదు" అని భత్యాల మీదుగా ఒక్క వాక్యంలో దాటిపోయినందుకు సిగ్గుపడుతున్నాను. అసలు అన్యాయం ఉన్నది ఆ వాక్యంలోనే.

గోదావరిఖని అన్న అడిగిన కొలబద్ద ప్రశ్నకు కూడా దారి ఇక్కడే దొరుకుతుంది. చేసే కొలువును బట్టి జీతం మొత్తం మాఫీ చేస్తే ఎక్కడ ఆగాలో తెలియదు. ఒక ప్రత్యేకమైన చోటికి దిగినందుకో ఎక్కినందుకో ఇచ్చే భత్యాన్ని మాత్రమే పన్ను నుంచి తప్పిస్తే, బాయికి ఒక హద్దు, మంచుకు ఒక హద్దు వాటంతట అవే ఏర్పడతాయి. భూగర్భ భత్యానికి 800, ఫీల్డ్ ఏరియా భత్యానికి 2,600, తొమ్మిది వేల నుంచి పదిహేను వేల అడుగుల ఎత్తైన చోటి భత్యానికి 1,060 అన్న పాత పరిమితులు ఈనాటి భత్యాలకు ఏ మాత్రం సరితూగవు. పైగా కొత్త విధానంలో అవి కూడా లేవు.

అందుకని మన పార్లమెంటు సభ్యులకు ఒక విన్నపం రాద్దామనుకుంటున్నాను. అందులో మూడు కోరికలు ఉంటాయి. సియాచిన్, ఫీల్డ్, ఎత్తైన చోట్లు, భూగర్భం వంటి కష్ట భత్యాలను రెండు పన్ను విధానాలలోనూ పూర్తిగా మినహాయించాలి, రిబేటు కోసం ఆదాయం లెక్కపెట్టేటప్పుడు వాటిని కలపకూడదు. సర్వీసులో అయిన గాయానికి ఇచ్చే పింఛను భాగం మీద, సర్వీసు మధ్యలో ముగిసినా పూర్తిగా ముగిసినా, పన్ను ఉండకూడదు. సెక్షన్ 10(19)లో రాష్ట్ర పోలీసు బలగాలను చేర్చాలి. జీతం మొత్తం మాఫీ అన్న కోరిక ఇందులో ఉండదు. ఆ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

విద్యార్థి తమ్ముడు రాసిన దానికి ఈ విన్నపంలో చోటు లేదు. అది పన్నుతో తీరే సంగతి కాదు, వేరే చర్చగా పెట్టవలసినంత పెద్దది. నేనే పెడతాను.

బొగ్గు బాయి కార్మికుడు, గోదావరిఖని

మొదటి కోరికలో భూగర్భం అన్న మాట ఉన్నంతవరకు నా సంతకం ఉంటుంది. పూర్తి మాఫీ కోసం మా సంఘం చేసే పోరాటం మా సంఘం చేస్తుంది, అందులో కూడా నేను ఉంటాను. ఈ రెండింటికీ పొత్తు కుదరదని మీరు అనుకుంటే ఇప్పుడే చెప్పండి.

ఉపాధ్యాయురాలు, ఏటూరునాగారం

మూడో కోరికలో "పోలీసు బలగాలు" అని మాత్రమే రాస్తే, అడవిలో దారి చూపడానికి తీసుకుపోయే హోంగార్డులు మిగిలిపోతారు. వారిని కూడా చేర్చండి.

అర్థశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ

రెండు పోరాటాలూ కలిసి నడవవచ్చు అన్నా, మీ సంతకం కావాలి. హోంగార్డుల మాట చేరుస్తున్నాను.

మాజీ నాయబ్ సుబేదార్, హుజూరాబాద్

సారు, ఒక చిన్న సవరణ. రెండో కోరికలో "గాయం" అని రాశారు. మంచు మీద వేళ్లు పోవడాన్ని, ఎత్తు మీద గుండె దెబ్బతినడాన్ని, పొగకు ఊపిరి చెడటాన్ని బోర్డులు గాయం కింద కాక జబ్బు కింద రాయవచ్చు. "సర్వీసు వల్ల వచ్చిన, లేదా సర్వీసు వల్ల ముదిరిన వైకల్యం" అని రాయండి. పింఛను కాగితాల్లో వాడే మాట అదే. ఆ మాట లేకపోతే ఇంకో సర్క్యులర్ వచ్చి మనల్ని మళ్లీ బయట నిలబెడుతుంది.

నా ఫారం 16 నకలు, బోర్డు కాగితం నకలు సలహాదారు గారికి పంపుతాను. మీ ఊరి హవల్దారు సెలవు ఎప్పటివరకు ఉంది? అతను కాజీపేటలో రైలు ఎక్కేలోపు విన్నపం ఒకసారి అతనికి చదివి వినిపించండి. సర్వీసులో ఉన్నవాడు కాబట్టి సంతకం చేయలేడు, అడగవద్దు. మనం రాసినదాంట్లో అక్కడి సంగతి ఏదైనా తప్పు పోయిందేమో అతను చెబుతాడు.